ఏ పాఠానికి ఏ పటం: తరగతి గదిలో గ్రాఫిక్ ఆర్గనైజర్ల ఎంపిక

"చూస్తే తప్ప అర్థం కాని పిల్లలు నా తరగతిలో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఏ గ్రాఫిక్ ఆర్గనైజర్ బాగుంటుంది?" అనంతపురం వైపు నలుగురు ఉపాధ్యాయులు కలిస్తే ఈ ప్రశ్న రాక మానదు. పాఠంలోని విషయాల మధ్య సంబంధాన్ని గడులతో, గీతలతో చూపే పటమే గ్రాఫిక్ ఆర్గనైజర్. ప్రశ్నలో సగం మంచిదే. మిగతా సగాన్ని ముందే పక్కన పెడితే ఎంపిక సులువవుతుంది.

చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు, చేసి నేర్చుకునేవారు అని పిల్లల్ని విడదీసి, ఎవరి పద్ధతిలో వాళ్లకు చెబితే బాగా వంటబడుతుందన్న నమ్మకం మన శిక్షణ తరగతుల్లో గట్టిగా పాతుకుపోయింది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి ఆ విషయమై అప్పటిదాకా జరిగిన పరిశోధనలను పరిశీలించారు. అలా విడదీసి బోధించడాన్ని సమర్థించేంత ఆధారం లేదని తేల్చారు. మాటకు బొమ్మ తోడైతే ఎక్కువ గుర్తుంటుందన్నది మాత్రం వేరే సంగతి. అలన్ పైవియో 1971లో వివరంగా ప్రతిపాదించిన ద్వంద్వ సంకేత సిద్ధాంతం చెప్పేది అదే, అది తరగతిలో అందరికీ వర్తిస్తుంది. కాబట్టి వెనక బెంచీలో దిక్కులు చూసే పిల్లవాడి కోసమని ప్రత్యేకంగా ఒక పటం వెతకనక్కర్లేదు. ఆ రోజు చెప్పే పాఠం ఎలాంటిదో చూసుకుని పటం తీసుకుంటే అతనికీ, ముందు బెంచీ పిల్లకూ ఒకేసారి పనికొస్తుంది.

ఇంకొక విషయం. గోడకు వేలాడే జీర్ణవ్యవస్థ రంగుల చార్టు గ్రాఫిక్ ఆర్గనైజర్ కాదు. అది బొమ్మ. విషయాల మధ్య ఉన్న సంబంధాన్ని గడులతో, గీతలతో, బాణాలతో చూపేదే ఆర్గనైజర్. ఏ సంబంధమూ లేని చోట నాలుగు గడులు గీసి నింపించినంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. తనిఖీకి వచ్చినవారికి చూపించుకోవడానికి తప్ప.

పోల్చాల్సి వస్తే: పట్టికా, వెన్ చిత్రమా?

"భేదాలు రాయండి" అనే ప్రశ్నకు నిలువు గీత కొట్టి రెండు వైపులా రాయడం మన పిల్లలకు చిన్నప్పటినుంచీ అలవాటే. అందుకే పట్టికను ఎవరూ గొప్పగా చూడరు. జాన్ వెన్ 1880లో ప్రచారంలోకి తెచ్చిన, ఒకదానిపై ఒకటి కొంత పడే రెండు వృత్తాల బొమ్మ కాస్త కొత్తగా కనిపిస్తుంది కాబట్టి నమూనా పాఠాల్లో దానికే పెద్దపీట. నిజానికి ఈ రెండూ ఒకే పని చేయవు.

ఎర్రనేల, నల్లరేగడి అనే పాఠం తీసుకోండి. ఉరవకొండ, తాడిపత్రి వైపు పిల్లలకు నల్లరేగడి తెలుసు, కళ్యాణదుర్గం వైపు పిల్లలకు ఎర్రనేల తెలుసు. వెన్ చిత్రం ఇచ్చి రాయమంటే ఎడమ వృత్తంలో "ఇనుము ఆక్సైడ్ల వల్ల ఎర్రగా ఉంటుంది, వేరుశనగ పండుతుంది" అని రాస్తారు. కుడి వృత్తంలో "ఎండాకాలం నెర్రెలు బారుతుంది, నీటిని పట్టి ఉంచుతుంది" అని రాస్తారు. అన్నీ నిజాలే, అయినా పోలిక జరగలేదు. ఎడమవైపు రంగు, పంట వచ్చాయి. కుడివైపు నెర్రెలు, తేమ వచ్చాయి. దేన్ని దేనితో పోల్చాలో పిల్లలకు తట్టలేదు. పట్టికలో ఈ చిక్కు ఉండదు. రంగు, తేమను నిలుపుకునే గుణం, పంటలు, ఎండాకాలంలో ఎలా మారుతుంది అని ఎడమ అంచున శీర్షికలు పెడితే ప్రతి గడీ తన జవాబు తాను అడుగుతుంది. ఒక గడి ఖాళీగా మిగిలితే పుస్తకంలో వెతుక్కోవాల్సిందేదో పిల్లవాడికే తెలిసిపోతుంది.

వెన్ చిత్రానికి ఉన్న బలమంతా మధ్య భాగంలో ఉంది. రెండు నేలల్లోనూ నత్రజని, సేంద్రియ పదార్థం తక్కువ. భేదాల పట్టికలో ఈ మాట రాయడానికి చోటే ఉండదు, ఎందుకంటే ఆ పట్టికకు తేడాలే కావాలి. కనుక ఏ అంశాల మీద పోల్చాలో మీరే చెప్పదలిస్తే పట్టిక. ఆ అంశాలు పిల్లలే కనిపెట్టాలి, ఉమ్మడి గుణాలు బయటపడాలి అనుకుంటే వెన్. ఆరు, ఏడు తరగతుల్లో ముందు పట్టిక వేయించి, నిండిన పట్టిక చూస్తూ వెన్ చిత్రం గీయిస్తే రెండు లాభాలూ దక్కుతాయి. పోల్చాల్సినవి రెండు దాటితే వెన్ జోలికి పోవద్దు. మూడు వృత్తాలు కలిసేచోట గోరంత జాగా మిగులుతుంది, అందులో తెలుగు అక్షరం ఇమడదు.

వృత్తాలు గీయడమూ ఒక తంతే. వృత్తలేఖినితో గీస్తే నోటుబుక్కులో చిన్నగా వస్తాయి, రాయడానికి చోటు చాలదు. మధ్యాహ్న భోజనం పళ్లెం పేజీని దాటిపోతుంది. డబ్బా మూత సరిగ్గా సరిపోతుంది. మధ్య భాగం వెడల్పుగా వచ్చేలా రెండో వృత్తాన్ని బాగా లోపలికి జరిపి గీయమనండి. అంచులు కాస్త తగిలేలా గీస్తే ఉమ్మడి గుణాలు లేవని పిల్లలు ముందే తీర్మానించుకుంటారు.

వరుసలో జరిగేవి: కాలరేఖ, ఫ్లోచార్ట్, చక్రం

ఈ మూడింటిలో కాలరేఖకే మన దగ్గర అన్యాయం జరుగుతోంది. ఒక గీత గీసి, సమాన దూరాల్లో చుక్కలు పెట్టి, సంవత్సరాలు రాసేస్తే అది కాలరేఖ కాదు, జాబితా. కొలత ఉంటేనే దానికి విలువ. రాయలసీమ చరిత్రే చూడండి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీశారు. 1882లో బళ్లారి నుంచి విడిపోయి అనంతపురం జిల్లా ఏర్పడింది. 1928లో నంద్యాల సభలో ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు వచ్చింది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక, 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. పదేళ్లకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే ఇదంతా 15.6 సెంటీమీటర్లలో వస్తుంది, నోటుబుక్కు పేజీకి అడ్డంగా పడుతుంది.

గీశాక చూడండి. 1800 నుంచి 1847 వరకు 4.7 సెంటీమీటర్లు, 1953 నుంచి 1956 వరకు మూడు మిల్లీమీటర్లు. చివర్లో నాలుగు సంఘటనలు మూడు సెంటీమీటర్ల లోపే ఇరుక్కుంటాయి, వాటి పేర్లు ఎక్కడ రాయాలో తెలియక పిల్లలు గీతకు పైనా కిందా రాస్తారు. ఆ ఇరుకే పాఠం. "ఉన్నట్టుండి ఇన్ని ఎందుకు జరిగాయి సార్?" అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. 1847కీ 1882కీ నడుమ ఉన్న ఖాళీ చూపించి, 1876-78 నాటి కరువును ఎక్కడ పెట్టాలో వాళ్లనే అడగండి. స్కేలు తీసి కొలుచుకుని పెడతారు. సమాన దూరాల చుక్కలతో ఈ ప్రశ్న రాదు.

సంవత్సరాలతో పని లేకుండా ఒకదాని తర్వాత ఒకటి జరిగేదైతే ఫ్లోచార్ట్ చాలు. వేరుశనగ ఎలా కాస్తుందో గీయమంటే విత్తనం, మొలక, పూత, కాయ అని నాలుగు గడులు గీసి కొందరు చేతులు కట్టుకుంటారు. రైతుల పిల్లలు ఊరుకోరు. పూతకూ కాయకూ మధ్య ఊడలు దిగే దశ ఉంది. పువ్వు భూమి పైన ఫలదీకరణం చెందాక ఊడ కిందికి దిగి మట్టిలోకి చొచ్చుకుపోతేనే కాయ ఊరుతుంది. ఆ ఒక్క గడి చేరగానే, మెత్తటి గుల్ల నేల వేరుశనగకు ఎందుకు మేలో వేరే చెప్పక్కర్లేదు. ఫ్లోచార్టులో వెతకాల్సింది ఇలాంటి తప్పిపోయిన గడినే. అందుకే పిల్లలకు ఇచ్చేటప్పుడు ఎన్ని గడులో ముందే గీసి ఇవ్వకండి.

చక్రం గురించి ఒక్క మాట. చివరి మెట్టు నిజంగా మొదటి మెట్టుకు దారి తీస్తేనే చక్రం గీయాలి. నీటి చక్రం, సీతాకోకచిలుక జీవితచక్రం సరే. వేరుశనగ చక్రమా, ఫ్లోచార్టా? ఇంట్లో పండిన కాయలోంచే విత్తనం దాచుకుంటే చక్రం, ఏటా బయట కొంటే ఫ్లోచార్ట్. తరగతిలో ఈ వాదన పెట్టి చూడండి, పీరియడ్ గడిచిందే తెలియదు.

కారణాలు అడిగే పాఠాలు: చేపముల్లా, కాన్సెప్ట్ మ్యాపా?

అనంతపురంలో కరువు ఎందుకు? పిల్లలు చుట్టూ చూసేదే కాబట్టి కారణాల పాఠాలకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. జపాన్‌లో కౌరు ఇషికావా పరిశ్రమల్లో నాణ్యత లోపాలు వెతకడానికి వాడుకలోకి తెచ్చిన చేపముల్లు పటం ఇక్కడ చక్కగా అమరుతుంది. తల దగ్గర "కరువు" అని రాసి, వెన్నెముకకు నాలుగైదు ముళ్లు గీసి ఒక్కోదానికి ఒక్కో శీర్షిక పెట్టాలి. వర్షం అన్న ముల్లు మీద: నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమల చాటున ఉన్న ప్రాంతం, ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడటం, సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నేల మీద: లోతు తక్కువ ఎర్రనేలలు. నీటి వనరుల మీద: పూడిన చెరువులు, అడుగంటిన బోర్లు. పంట మీద: ఒకే పంటను నమ్ముకోవడం. పదిహేను నిమిషాల్లో బోర్డు నిండుతుంది, నోరు విప్పని పిల్లలు కూడా ఏదో ఒక ముల్లు మీద ఒక మాట చెబుతారు.

దాని లోపం కూడా అక్కడే ఉంది. ముల్లుకూ ముల్లుకూ మధ్య దారి లేదు. వాన తక్కువైతే బోర్లు వేస్తారు, బోర్లు ఎక్కువైతే భూగర్భజలం తగ్గుతుంది, తగ్గితే ఇంకా లోతుకు వేస్తారు. ఈ తిరుగుడును చేపముల్లు చూపలేదు. కారణాలన్నీ విడివిడిగా వచ్చి కరువు మీద పడ్డట్టు కనిపిస్తాయి. అక్కడ కాన్సెప్ట్ మ్యాప్ కావాలి. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నొవాక్ బృందం 1970ల్లో దీన్ని రూపొందించింది. పిల్లల అవగాహన ఏళ్లు గడిచేకొద్దీ ఎలా మారుతుందో గమనించడానికి పుట్టిన పద్ధతి ఇది. భావనలు గడుల్లో ఉంటాయి, వాటిని కలిపే బాణం మీద ఒక మాట తప్పనిసరిగా ఉంటుంది. ఆ మాట లేని బాణాన్ని ఒప్పుకోకండి. బాణం గీయడం తేలిక, ఎందుకు గీశావంటే చెప్పడమే కష్టం.

తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి బాణం మీద పూర్తి క్రియ రాయమంటే పిల్లలు తికమకపడతారు. "వల్ల", "కోసం", "నుంచి", "ఉంటే" లాంటి చిన్న మాటలు చాలు. ఒక గడిలో "బోర్లు పెరగడం", బాణం మీద "వల్ల", తర్వాతి గడిలో "భూగర్భజలం తగ్గింది". కలిపి చదివితే వాక్యం అయితే బాణం నిలిచినట్టే, లేదంటే చెరిపేయడమే. ఆంగ్ల మాధ్యమం తరగతుల్లోనూ బాణం మీద మాట తెలుగులో రాయనివ్వండి. గడుల్లో ఆంగ్ల పారిభాషిక పదం, బాణం మీద తెలుగు. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు చేతిలో ఉండగా ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

కాన్సెప్ట్ మ్యాప్‌కు ఒక పీరియడ్ చాలదు. ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు ఖాళీ కాగితం ఇచ్చి గీయమనడం వృథా ప్రయాస. చేపముల్లుతో మొదలుపెట్టి, మరుసటి రోజు అదే పటంలో ఏ ముల్లు ఏ ముల్లును గుచ్చుతోందో అడ్డంగా బాణాలు గీయించండి. చేపముల్లే కాన్సెప్ట్ మ్యాప్‌గా మారుతుంది.

టోనీ బుజాన్ ప్రచారంతో లోకమంతా పాకిన మైండ్ మ్యాప్ సంగతేమిటంటారా? మధ్యలో ఒక మాట, చుట్టూ రంగురంగుల కొమ్మలు. వ్యాసం రాసేముందు ఆలోచనలు పోగేసుకోవడానికి, పరీక్షకు ముందు పాఠమంతా ఒకసారి కళ్లముందు పరుచుకోవడానికి బాగుంటుంది. అంతకుమించి దాన్నుంచి ఆశించకూడదు. ప్రతి పాఠం చివరా మైండ్ మ్యాప్ గీయించే అలవాటు మాత్రం మానుకోవడం మంచిది. కారణమూ, క్రమమూ, పోలికా అన్నీ ఒకేరకం కొమ్మలుగా కనిపిస్తే పాఠంలో అసలు సంగతి మాయమవుతుంది.

ఒక్క భావన మీద నిలవాల్సి వస్తే

లెక్కల ఉపాధ్యాయులు ఇవన్నీ సాంఘికశాస్త్రం వాళ్ల పనులని అనుకుంటారు. వాళ్ల కోసం నాలుగు గడుల పటం ఒకటుంది. 1969లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొరొతీ ఫ్రేయర్ బృందం రూపొందించింది కాబట్టి ఫ్రేయర్ నమూనా అంటారు. మధ్యలో భావన పేరు. చుట్టూ నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణలు కానివి. ఉన్న పటాలన్నిటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను, నాలుగో గడి కోసం.

సమచతుర్భుజం పాఠం అయ్యాక ఈ పటం ఇవ్వండి. నిర్వచనం గడిలో "నాలుగు భుజాలూ సమానం" అని అందరూ తడుముకోకుండా రాస్తారు. ఆ తర్వాత చతురస్రాన్ని ఎక్కడ పెడతారో చూడండి. చాలామంది "కానివి" గడిలో పెడతారు. పై గడిలో తామే రాసిన నిర్వచనం ప్రకారం అది సమచతుర్భుజమే అని అరచేయంత దూరంలో కనిపిస్తున్నా పెడతారు. వేలు పెట్టి రెండు గడులూ చదవమంటే చాలు, మీరు ఒక్క మాట చెప్పనక్కర్లేదు. ప్రధాన సంఖ్యల దగ్గర 1, 2, 51 ఇచ్చి ఏ గడిలో పెడతారో చూడండి. 2 సరిసంఖ్య కదా అని ఒకరు, 51ని ఏదీ భాగించదని ఇంకొకరు. మూడు పదిహేడ్లు ఎంత అని పక్కవాడు అడిగేదాకా ఆ వాదన సాగుతుంది. నిర్వచనం అప్పజెప్పించుకుంటే ఈ సందేహాలు పరీక్ష దాకా బయటికి రావు.

పాఠానికి ముందు ఏం తెలుసో కనుక్కోవడానికైతే డోనా ఓగల్ 1986లో ప్రతిపాదించిన మూడు వరుసల పట్టిక ఉంది: తెలిసినది, తెలుసుకోవాలనుకున్నది, తెలుసుకున్నది. బెలుం గుహల యాత్రకు ముందు వేయించడానికి అంతకన్నా తగినది లేదు. మొదటి వరుసలో తప్పులు రాస్తే దిద్దకండి. గుహను మనుషులు తవ్వారని రాసినవాళ్లు, సున్నపురాయిని నీరు కరిగించి ఆ దారులు చేసిందని చూసి వచ్చాక మూడో వరుసలో వాళ్లే రాసుకుంటారు. రెండో వరుస మాత్రం ఖాళీగా మిగిలే ప్రమాదం ఉంది. ప్రశ్నలు అడగడం మన పిల్లలకు అలవాటు లేదు. "ఎందుకు", "ఎలా", "ఎవరు మొదట" అని మూడు మాటలు ముందే రాసిస్తే వాక్యాలు వాళ్లు పూర్తి చేస్తారు. లెక్కలకు, వ్యాకరణానికి ఈ పట్టిక పనికిరాదు. భిన్నాల గురించి ఏం తెలుసుకోవాలనుకుంటున్నావని అడిగితే పిల్లవాడు మర్యాదకు ఏదో ఒకటి రాస్తాడు, అంతే.

దేని మీద గీయాలి?

చార్టు పేపరు కన్నా నేల మేలు. మన వైపు చాలా బడుల వరండాలకు కడప బండలో, బేతంచెర్ల బండలో పరిచి ఉంటాయి. నల్లటి కడప బండ మీద సుద్దముక్క పలక మీద రాసినట్టే పడుతుంది, తడిగుడ్డతో పోతుంది. బండకూ బండకూ మధ్య ఉన్న అతుకులే గీతలు. పట్టిక కావాలంటే గడులు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కో బండకు ఒక్కో జట్టును కూర్చోబెట్టడమే మిగిలింది. ముగ్గు వేయడం వచ్చిన చేతులకు చేపముల్లు ఎంత పని? నేల మీద గీసినదాన్ని తప్పయితే చెరపడానికి పిల్లలు వెనకాడరు. చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసింది తప్పని తెలిసినా అలాగే ఉంచేస్తారు.

ప్రభుత్వ బడుల బాగు కోసం చేపట్టిన నాడు-నేడు పథకం కింద డిజిటల్ ప్యానెళ్లు వచ్చిన తరగతుల్లో గడులను ఒక్కొక్కటిగా తెరిచి చూపే సౌకర్యం ఉంది, ఫ్లోచార్టుకు అది బాగా పనికొస్తుంది. కానీ ఒకరు రాస్తుంటే మిగతా అందరూ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ప్యానెల్ మీద మొదటి రెండు గడులు చేసి చూపించి, మిగతావి నోటుబుక్కులో పూర్తి చేయించండి. ఆరో తరగతికి సగం నిండిన పటం ఇవ్వండి, తొమ్మిదికి వచ్చేసరికి ఖాళీది. పూర్తిగా నింపిన పటాన్ని జిరాక్సు తీసి పంచడం ఏ తరగతికీ వద్దు. దాన్ని పిల్లలు అతికించుకుంటారే తప్ప చదవరు.

రంగుల విషయంలో ఒక జాగ్రత్త. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలు, ముఖ్యంగా అబ్బాయిలు, తరగతికి ఒకరిద్దరు ఉండవచ్చు. ఆ సంగతి వాళ్లకే తెలిసి ఉండకపోవచ్చు. కారణానికి ఎర్ర గీత, ఫలితానికి పచ్చ గీత అని పెట్టే బదులు ఒకటి నిండు గీత, ఒకటి చుక్కల గీత పెట్టండి. చూపు తక్కువున్న పిల్లలకు గడులు తగ్గించి గీతలు లావుగా వేయండి.

ఎంచుకున్న పటం సరైనదో కాదో తెలియాలంటే మరుసటి రోజు మొదటి ఐదు నిమిషాలు చాలు. నోటుబుక్కు మూయించి, నిన్నటి పటాన్ని చూడకుండా మళ్లీ గీయమనండి. గడులు గుర్తుండి వాటిలోని మాటలు మరిచిపోతే మరో రెండుసార్లు గీయిస్తే సరిపోతుంది. మాటలు గుర్తుండి గడులు, బాణాలు తప్పిపోతే ఆ పాఠానికి ఆ పటం నప్పలేదు, వేరేది తీసుకోండి.